లైను ఖాళీ లేదు

1969 మే 12, సోమవారం

బంద్. సైదాబాద్ నుంచి డ్యూటీకి నడిచే వచ్చాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైన దగ్గర్నుంచి బస్సులను నమ్ముకోలేం.

దవాఖానలో అంబులెన్సు ఫోను ఎత్తడం నా పని. ఒకటే టేబుల్, ఒకటే లైను. ప్రాణం మీదికి వచ్చినవాళ్ల కోసం పెట్టింది. వచ్చే కాల్సే వేరు. రిక్షాలు లేవు, మా అత్తగారి సామాను మలక్‌పేటలో దింపుతారా అని ఒకాయన. ఈ రోజు మ్యాట్నీ ఉందా అని ఇంకొకాయన. ఆ తర్వాత, ఎప్పటిలాగే, దిల్‌సుఖ్‌నగర్ నుంచి శేషారత్నం గారు. కోస్తా మాట. పక్కింటి మేక వచ్చి ఆవిడ కనకాంబరాలు తినేసిందట. ఇది అంబులెన్సు ఫోనండీ అన్నాను. "తెలుసమ్మా, పోలీసులు ఎత్తట్లేదు, మీరైతే ఎత్తుతారు" అంది.

మే 15

ఈ రోజు శేషారత్నం గారికి నల్లా గొడవ. నీళ్లు సన్నగా వస్తున్నాయట. నేను వెళ్లి తిప్పాలా?

మే 21



మధ్యాహ్నం శేషారత్నం గారు ఫోను చేసి, పాలవాడు నీళ్లు కలుపుతున్నాడని చెబుతోంది. పెట్టెయ్యండి అంటున్నా వినదు. రూలు ప్రకారం నా అంతట నేను పెట్టెయ్యకూడదు. అప్పుడు ఒకతను తలుపు నెట్టుకుని లోపలికి వచ్చాడు. పేరు గుండయ్య. మూసారాంబాగ్‌లో పోచంపల్లి చీరలు అమ్ముతాడు. తండ్రి ఛాతీ పట్టుకుని పడిపోయాడు. కిరాణా కొట్టు ఫోనులో ఎన్నిసార్లు తిప్పినా ఎంగేజ్. ఇక ఉరికాడు. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదట. తారు రోడ్డుకి అరికాళ్లు బొబ్బలెక్కాయి.

డ్రైవర్ అంతయ్య అప్పటికప్పుడు బండి తీశాడు. ముసలాయన బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్ గారు అన్నారు. గుండయ్య నన్ను ఒక్క మాట అనలేదు. "లైను ఖాళీ లేకుండె అక్కా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

బండి గేటు దాటేటప్పుడు కూడా టేబుల్ మీద రిసీవర్‌లో పాల సంగతి ఇంకా వినిపిస్తూనే ఉంది.

మే 24

శేషారత్నం గారి అడ్రసు నాకు నోటికి వచ్చు. రేపు ఆదివారం, సెలవు. వెళ్తాను. అమ్మ ఒప్పుకోవడం లేదు. "గొడవల దినాలు బిడ్డా, ఆళ్ల ఇంటికి నువ్వు పోవుడు ఎందుకు" అంటోంది.

మే 25, ఆదివారం

చర్చి నుంచి నేరుగా వెళ్లాను. దిల్‌సుఖ్‌నగర్ చివర ఎల్.బి.నగర్ వైపు ఇంకా పొలాలే. కొత్త డాబా ఇల్లు. గేటుకి లోపలి నుంచి తాళం. పిలిచాను. నా గొంతు గుర్తుపట్టి తాళం తీసింది. యాభై దాటి ఉంటాయి. భర్త డ్యామ్ పనుల మీద ఇంజనీరు, ఎప్పుడో గాని రాడు. ఫోను ఆయన కోసం పెట్టిందే.

కాఫీ వద్దన్నాను. గుండయ్య కాళ్ల గురించి నిలబడే చెప్పాను. గట్టిగానే చెప్పాను.

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. ఆంధ్రావాళ్ల ఇళ్ల మీద రాళ్లు పడ్డాయని పేపర్లో చదివిందట. తన ఇంటికీ వస్తే ఫోను చేసినప్పుడు ఎవరైనా ఎత్తుతారో లేదో అని రోజూ చేసి చూసుకుంటోందట. "ఊరికే చేశానంటే తిడతారు కదమ్మా, అందుకని ఏదో ఒకటి చెబుతున్నా. మేక, కుళాయి, ఏది గుర్తొస్తే అది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు.

బయటికి వచ్చి పక్కింటి గోడ మీంచి పిలిచాను. యాదమ్మ వచ్చింది. మేక ఆమెదే. విషయం విని ముందు నవ్వింది. "మా మేక సంగతి మాకు చెప్తే అయిపోవు గద, దవాఖానకు చెప్పుడేంది? ఆయమ్మ తలుపు తీస్తెనే గద మాట్లాడేది" అంది. తర్వాత ఆశ్చర్యపోయింది. "గీ ఇంట్ల ఫోనున్నదా?"

శేషారత్నం గారు గేటు దాకా వచ్చింది. బయటికి మాత్రం రాలేదు.

మే 31

వారం అవుతోంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక్క కాల్ లేదు. మంచిదే. అయినా మనసు అటే పోతోంది.

జూన్ 4, సాయంత్రం

కర్ఫ్యూ. ఫోను మోగింది. శేషారత్నం గారే. కానీ గొంతు వేరు, మాట వేరు. "యాదమ్మకి పాము కరిచింది, గడ్డి కోస్తుంటే, కుడి చెయ్యి, ఇప్పుడే, మా ఇంట్లోనే పడుకోబెట్టాను. పెట్టేస్తున్నా, మీ లైను ఆపను." టక్కున పెట్టేసింది.

అంతయ్య వెళ్లాడు. ఏసయ్యా, దారిలో ఎవరూ ఆపకుండా చూడు.

జూన్ 5

యాదమ్మ బతుకుతుంది! చెయ్యి వాచి ఉంది గానీ గండం గడిచిందని డాక్టర్ గారు చెప్పారు.

అంతయ్య నిన్నటి సంగతి అందరికీ చెబుతున్నాడు. వీధిలో పిట్ట లేదట. చెక్‌పోస్టు దగ్గర పోలీసులు పాస్ చూసి వదిలారట. సందు ఎక్కడో తెలియక స్లో చేస్తే, "ఆయమ్మ ఒక్కతే రోడ్డు మీద నిలవడి తెల్ల తువ్వాల ఊపుతున్నది. పోలీసు జీపు ఆగి లోపలికి పొమ్మని అరిచినా కదల్లే" అన్నాడు. గేటు బార్లా తెరిచి ఉందట. అలాగే వదిలేసి బండి ఎక్కిందట. దారి పొడుగునా యాదమ్మ తల ఆవిడ ఒళ్లోనే.

కర్ఫ్యూ వల్ల తిరిగి వెళ్లలేక శేషారత్నం గారు రాత్రంతా దవాఖాన వరండాలోనే ఉండిపోయింది. పొద్దున నా టిఫిన్ డబ్బా ఇద్దరం పంచుకున్నాం. అమ్మ చేసిన జొన్నరొట్టె, ఎర్ర కారం. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే తింది. కారానికే అంది. ఇన్ని నెలలు మాట్లాడి, ఇప్పుడు అడిగింది, నీ పేరేంటమ్మా అని.

రెబెక్క, అన్నాను.

జూన్ 19

వాన. మధ్యాహ్నం ఒక కాల్. ఎవరో ముసలాయన. ఎవరికీ ఏమీ కాలేదు. "ఊర్ల అంత నిమ్మళంగున్నదా బిడ్డా" అని అడిగాడు. నేను కిటికీలోంచి చూశాను. ఒకావిడ కొంగు నెత్తిన వేసుకుని రోడ్డు దాటుతోంది.

నిమ్మళంగనే ఉన్నది తాతా, ఇగ ఫోను పెట్టెయ్, అన్నాను.

పెట్టేశాడు.