కోలోమా వేయాల్సిన గేట్లు

అగెదా వదిన గారికి,

దీవి చుట్టూ కాలినడక ఈ రోజు పూర్తయింది. పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి మావో రేవు దగ్గరికి వచ్చాను. మీ చెల్లెలు కోలోమా బతికుండగా ఇద్దరం అనుకున్న నడక, పది రోజుల్లో ఒక్కడినే ముగించాను. కాళ్ళు బాగానే ఉన్నాయి. దారంతా రైతుల పొలాల గుండా, గేటు తర్వాత గేటు దాటుకుంటూ పోతుంది.

రేవు కనిపిస్తుండగా తోఫోల్ అనే రైతు మోటారు సైకిల్ మీద వచ్చి దారికి అడ్డం నిలిచాడు.

"ఏం పెద్దాయనా, గేటు తీయడమే గానీ వేయడం రాదా? నా పదకొండు ఆవులూ సముద్రస్నానానికి పోయాయి! ఇసుకలో జర్మన్ టూరిస్టుల తువ్వాళ్ళు నములుతున్నాయి!"

"మేమెప్పుడూ గేటు తెరిచి వదల్లేదు" అన్నాను.

"మేమా? మీ వెనక ఇంకెవరున్నారు?"

అప్పుడు తెలిసింది వదినా. ముందు నడిచేవాళ్ళు గేటు తీయాలి, ఆఖరున వచ్చేవాళ్ళు వేయాలి. అది మన ఆచారం. ముప్పై ఎనిమిదేళ్ళు నేను తీశాను, కోలోమా వేసింది. ఈ పది రోజులూ నేను తీస్తూనే వచ్చాను.

తోఫోల్‌కు ఆ మాటే చెప్పాను. అతను టోపీ తీశాడు. "సరే, ఆవుల్ని తోలడానికైనా రండి" అన్నాడు. తోలాం. ఒకటి మాత్రం సగం తువ్వాలుతోనే ఇంటికి వచ్చింది.

రేపు ఉదయం ఇదే దారిన వెనక్కి బయలుదేరతాను. గేట్లన్నీ వేసుకుంటూ వెళ్తాను.

మీ మరిది