సాంబ్రాణి పొగకు వచ్చిన పేరంటం

ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
12-9-64

అత్తయ్యకు నమస్కారాలు. మేమిద్దరం క్షేమం.

పోయిన వానల్లో మీకు తలనొప్పి తెప్పించి ఊరికి పంపేసిన ఆ చెమ్మగోడల ముక్కవాసన మన క్వార్టరులో ఇప్పుడు లేదు, నమ్మండి. మీ అబ్బాయి గోడలకు సున్నం వేశారు. నేను పరుపులు ఎండబెట్టి, ట్రంకుపెట్టెల అడుగున వేపాకు పరిచి, ఒక శుక్రవారం తలంటు అయ్యాక కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఇల్లంతా పొగ పట్టించాను.

ఆ పొగ చూసి పూజ అనుకుని పక్కింటి నాగేశ్వరమ్మగారు, ఎదురింటి బెంగాలీ దీదీ, ఇంకో నలుగురు ముత్తయిదువులు వచ్చి చాప మీద కూర్చున్నారు. ఇల్లు కంపు కొడుతోందని చెప్పడానికి సిగ్గేసి పూజేనన్నాను. అటుకులూ బెల్లం పెట్టి, బీదవాడైపోయిన రాజు కథ చెప్పాను. నాకు వచ్చింది అదొక్కటే. ఇక ప్రతి శుక్రవారం వస్తున్నారు.

చిన్నవదిన దగ్గు తగ్గిందా? మీ అబ్బాయి మీకు రైలు పాసు రాయించారు, ఎల్లుండి రిజిస్టరు పోస్టులో వేస్తారు. వచ్చేటప్పుడు మన ఊరి అటుకులు తెండి. ఆలస్యం చేయకండి అత్తయ్యా. నిన్న నాగేశ్వరమ్మగారు అందరి ముందూ అడిగేశారు: "ఏటమ్మా, ఈ వారం కూడా ఆ రాజే బీదోడైపోనాడేటి?"

మీ కథల కోసం ఎదురుచూస్తూ,
మీ కోడలు
సత్యవాణి