కర్నూలు లైన్లో సరళ

కడప, 15-6-1955, బుధవారం

ఈ పొద్దు పెద్ద పోస్టాఫీసుకు పోయి కర్నూలుకు ట్రంక్ కాల్ బుక్ చేసినా. ఆ ఊరి కాలేజీ ఆఫీసులో పనిచేసే బావను అడిగి, మా బిడ్డ సరళకు సీటు ఇప్పించాలని. ఎస్సెల్సీ కాంగానే చదువు చాలని, ఆ పిల్ల కర్నూలు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. డిగ్రీ లేని ఉద్యోగం ఎన్నాళ్లు నిలుస్తాదని నాకు ఏడాదిగా నిద్ర లేదు. మాన్పించి బి.ఏ. దాకా చదివించాలనుకున్యా.

శానాసేపు కూర్చున్నాక పిలిచినారు. ఫోను చెవికి పెట్టుకుంటే అవతల నుంచి, "కర్నూలు. ఎవరు కావాలండీ?"

మా సరళే! ఇంట్లో నా ముందర నోరెత్తని పిల్ల. గొంతులో ఎంత నిబ్బరమో!

"అమ్మా, నేను, నాయనను," అన్యా.

 అదే గొంతుతో, "లైన్ ఇస్తున్నాను, మాట్లాడండి," అనింది.

"ఏమప్పా, ఏం సంగతి?" అన్నాడు బావ. సీటు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఊరికే చేసినా బావా అని, వానల సంగతి ఎత్తుకున్యా. గుండె మీద బరువు దిగినట్లుండాది. ఆ నిబ్బరం ఏ కాలేజీలో నేర్పుతారు? రేపు పై ఉద్యోగానికి డిగ్రీ కావాలంటారేమో... అంటే అప్పుడు చూద్దాం.

వానల మాట ఇంకా సగంలోనే ఉండాది, మళ్లీ ఆ గొంతే మధ్యలో వచ్చింది. "టైం అయిపోయింది. ఇంక పెట్టేయండి."

ఇంట్లో ఇంతవరకు నా మాటకు అడ్డమొచ్చినోళ్లు లేరు. నోరు మూసుకోని పెట్టేసినా.