నాలుగో స్వరం కింద

మార్చి 3, సోమవారం

పిలకబాబు వచ్చాడు. అసలు పేరు వేరే ఉంది కానీ, జుట్టు నడినెత్తిన ముడి వేసుకున్నాడని మా చెల్లి చూడగానే ఈ పేరు ఖాయం చేసేసింది. నేను పనిచేసిన కంపెనీలో ఇప్పుడు మేనేజర్. నలభై ఏళ్ల కిందట మేము తయారుచేసిన గేమ్ కన్సోల్‌ను మళ్లీ మార్కెట్‌లోకి తెస్తున్నారు. దానిలో శబ్దాలన్నీ నావి. స్విచ్ వేశాక తెర మీద బొమ్మ వచ్చేలోపు వినిపించే నాలుగు స్వరాలూ నావే.

మేము దాన్ని ఏనాడూ కన్సోల్ అనలేదు. పెట్టె అనేవాళ్లం. పాత పెట్టె ఒకటి, కొత్త పెట్టె ఒకటి తెచ్చి హాల్లో టీవీకి తగిలించాడు. రెండూ ఒకేలా ఉన్నాయని నేను ఊఁ అంటే ఫ్యాక్టరీ మొదలవుతుందట. అప్పట్లో నా ఊఁ లేకుండా ఏ శబ్దమూ బయటికి వెళ్లేది కాదని ఆఫీసులో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారట. సంతోషం వేసింది. ఇక్కడ దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషం వేసింది.

పాత పద్ధతిలోనే పక్క గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాను. స్విచ్ ఎప్పుడు వేస్తాడా అని చూశాను. ఇంతసేపేమిటని విసుగొచ్చి తలుపు తీశాను. అతను అప్పటికే రెండు పెట్టెల్నీ మార్చి మార్చి వేశాడట. ఎలా ఉంది మేడమ్ అని అడుగుతున్నాడు.

రెండూ నా దగ్గరే ఉంచి వెళ్లమన్నాను. తీరిగ్గా వినాలన్నాను.

మార్చి 4

కెటిల్ మాడిపోయింది. ఈల వేసిందట.

మార్చి 6, ఉదయం

గోడ దగ్గర కూర్చోవడం పెద్దాయన పెట్టిన పద్ధతి. పెద్దాయన అంటే మా చీఫ్. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. మేమంతా మరీ చిన్నవాళ్లం కాబట్టి పెద్దాయన అయిపోయాడు. ప్రింటింగ్ ప్రెస్ మీద రెండు గదులు మా ఆఫీసు. కింద మెషిన్ తిరిగితే పైన మా టేబుళ్ల మీద స్క్రూలు నడిచేవి. ఒకరిది చిప్, ఒకరివి బొమ్మలు, ఒకరిది బాడీ, నావి శబ్దాలు. బాడీ చేసే అతను చెక్కతో కంట్రోలర్ చెక్కి, మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ల చేతిలో పెట్టేవాడు. టీ తెచ్చే ఆయన బొటనవేలు ఒరుసుకుపోతోందన్నాడని ఒక మూల గుండ్రంగా అరగదీశాడు. నిన్న కొత్త పెట్టె కంట్రోలర్ పట్టుకుని చూశాను. ఆ మూల అలాగే ఉంది.

మిగతా కంపెనీలు ఆడేవాళ్లను కూర్చోబెట్టి అడిగేవి. పెద్దాయన లెక్క వేరు. ఆడేవాడికి ఏ శబ్దమైనా బాగానే ఉంటుందమ్మా, పక్క గదిలో పని చేసుకునే మనిషి సంగతి చూడు, ఆ మనిషికి ఒళ్లు మండిందంటే మన పెట్టె అటకెక్కుతుంది అనేవాడు. అందుకని ప్రతి శబ్దాన్నీ గోడ అవతల నుంచే వినాలి. ఊరికే వినకూడదు. కూరగాయలు తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో వినాలి. చేతిలో పని ఆగకుండా, చికాకు రాకుండా ఉంటే ఆ శబ్దం పాస్. నేను ఒకే చొక్కాను మడిచి, విప్పి, మళ్లీ మడిచేదాన్ని. చివరికది మడతల దగ్గర చిరిగింది. అది పెద్దాయన చొక్కా.

ఆ చిప్‌కు మూడు గొంతులే, అంటే ఒకేసారి మూడు శబ్దాలే పలికేది. గేమ్‌లో బాంబు పేలితే ఒక గొంతు దానికి పోయేది. మిగిలిన రెండింటితో పాట నెట్టుకురావాలి. ఇప్పటి మెషిన్లలో ఆర్కెస్ట్రాలకు ఆర్కెస్ట్రాలే దిగుతున్నాయి. అయినా జనం రంగు వెలిసిన మా పాత పెట్టెల్ని వెతికి మరీ కొంటున్నారట. ఎందుకు కొంటారని పిలకబాబును అడిగితే నోస్టాల్జియా అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాకది సరిపోలేదు.

మార్చి 8

చెల్లికి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

మళ్లీ స్విచ్ వేయమని తనకు చెప్పి, గోడ అవతల కూర్చుని, వినబడినట్టు తల ఊపుతుంటే వచ్చి ఎదురుగా నిలబడింది. నేనింకా స్విచ్చే వెయ్యలేదు అక్కా అంది. టీవీ సౌండ్ ఎందుకంత పెంచుతున్నావని ఏడాదిగా మొత్తుకుంటున్నాను, టీవీ పాడైందన్నావు, కొత్తది కొన్నావు, అది కూడా పాడైందన్నావు, ఇక మిగిలింది నీ చెవులే కదా అంది. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఆవిడ నా పక్కన కూర్చుని చిరాకు పడుతూనే వీపు నిమిరింది.

అప్పట్లో కూడా మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. చిప్ ఉన్న బోర్డు ఇంటికి తెచ్చుకుని రాత్రీ పగలూ వాయిస్తుంటే, గోడ అవతల ఆవిడ టైపింగ్ పరీక్షకు చదివేది. నీ కూతలు ఆపుతావా, నన్నిక్కడినుంచి పొమ్మంటావా అని అరిచేది. పెళ్లయి వెళ్లింది. మరిదిగారు పోయాక నా దగ్గరికే వచ్చింది. ఈ ఇంట్లో నా శబ్దాలు నాకంటే ఎక్కువ విన్న మనిషి ఎవరైనా ఉంటే ఆవిడే.

మార్చి 11, ఉదయం

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు బటన్ పట్టుకుని కూర్చున్నాను. అద్దం అవతల చెల్లి ముఖం చూస్తే ఎన్ని తప్పిపోతున్నాయో అర్థమైంది.

వయసుతో వచ్చేదేనట. సన్నటి శబ్దాలు ముందు పోతాయట. మెషిన్ పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి, సంగీతం మాత్రం మునుపటిలా ఉండదు, ఆశ పెట్టుకోకండి అన్నాడు. మంచి మనిషే. మెల్లగా, నా ముఖంలోకి చూస్తూ చెప్పాడు. ఈవిడ పని గురించి మీకు తెలియదు డాక్టర్ గారూ అని చెల్లి మొదలుపెట్టి పెట్టె సంగతంతా చెప్పేసింది.

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వాళ్ల అన్నయ్యా ఆయనా స్కూల్ నుంచి రాగానే పెట్టె ముందు కూర్చునేవారట. స్విచ్ వేసి ఊపిరి బిగబట్టేవాళ్లం, టక్ మనేది, బొమ్మ వచ్చేది, ఆ టక్ వినబడిందంటే ఇక మాకు ఇల్లూ లేదు, హోమ్‌వర్కూ లేదు అన్నాడు. ఆ స్వరాలు గుర్తున్నాయా అని అడిగాను. పాడబోయాడు. నోరు కదిలింది కానీ, చెల్లి ముఖం చూస్తే రాలేదని తెలిసింది. టక్ మాత్రం నాలుకతో కొట్టి చూపించాడు.

అన్నయ్య ఇప్పుడు లేడట. పెట్టె ఉంది. ఒక్కోసారి ఆన్ చేసి, టక్ విని, ఆఫ్ చేస్తానన్నాడు. గేమ్ మాత్రం ఆడడట.

మార్చి 11, సాయంత్రం

ఒళ్లు మండుతోంది. టక్కట!

ఆ టక్కు నాది కాదు. అది తప్పు. బొమ్మ తెర మీదికి వచ్చే క్షణంలో కరెంటు ఒక్కసారిగా లాగి స్పీకర్ కొట్టుకునేది. చిప్ అతను వారాల తరబడి ప్రయత్నించి చేతులెత్తేశాడు. నా స్వరాలు మొదట మూడే. ఆ టక్కును కప్పిపెట్టడానికి సరిగ్గా దాని మీద పడేలా నాలుగోది పెట్టాను. బరువైన స్వరం. అయినా కింద నుంచి తెలుస్తూనే ఉండేది, అన్నంలో రాయిలా. పెద్దాయన విని, పోనీలే అమ్మా అన్నాడు. నా జీవితంలో నేను మనసొప్పకుండా అన్న ఊఁ అదొక్కటే.

అంత కష్టపడి స్వరాలు కడితే, జనం గుర్తుపెట్టుకున్నది దాన్నా?

మార్చి 15

చెల్లిని గోడ అవతల కూర్చోబెట్టాను. నేను టీవీ దగ్గర నిలబడి రెండు పెట్టెలూ వేశాను. ఎందుకో టీవీ వెనక, స్పీకర్ దగ్గర అరచెయ్యి ఆనించాను. చెవికి అందనిది చేతికి అందింది. మొదటి మూడూ సన్నగా పాకినట్టు, నాలుగోది బరువుగా. పాత పెట్టెలో ఆ బరువు కింద ఒక చిన్న పోటు. కొత్తదానిలో అది లేదు. మళ్లీ వేశాను. లేదు.

చెల్లి బయటికి వచ్చి రెండూ ఒకటే అంది. కాసేపాగి, కాదు, రెండోదానిలో ఏదో తక్కువైంది, ఏమిటో చెప్పలేను, ఎవరో గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్లిపోయినట్టుంది అంది. నాకు సంగీతం రాదు, నన్ను పట్టుకుని అడక్కు అని వంటగదిలోకి వెళ్లిపోయింది.

మార్చి 17

ఎలా జరిగిందో తెలిసింది. పిలకబాబు తప్పు కాదు. శబ్దాలు దేనినుంచి తీసుకోవాలని పోయినేడు కంపెనీవాళ్లు ఫోన్ చేసి అడిగితే, నా వర్క్‌షాప్ టేపు నుంచి తీసుకోమని చెప్పింది నేనే. బొమ్మ సర్క్యూట్ తగిలించక ముందు నేరుగా చిప్ నుంచి రికార్డు చేసిన టేపు అది. దానిలో టక్కు ఎందుకుంటుంది? అంత శుభ్రంగా ఆ స్వరాల్ని విన్నది ఈ లోకంలో మేము కొద్దిమందిమే. మిగతా అందరూ విన్నది పెట్టెని.

ఇప్పుడు నా స్వరాలు మొదటిసారి నేను అనుకున్నట్టే బయటికి వస్తాయి. నాకు కావలసింది ఇదే కదా. నేను ఊఁ అంటే టక్కు పీడా పోతుంది, చెవుల సంగతీ ఎవరికీ తెలియదు. ఆఫీసులో ఆ కథలు అలాగే సాగుతాయి.

కాదంటే, ఎలా పట్టుకున్నారు మేడమ్ అని అడుగుతారు. చేత్తో అని చెప్పాలి. ఎందుకు చేత్తో అంటారు.

మార్చి 18

ఊఁ అనేస్తే అయిపోతుంది.

మార్చి 20

ఈ రోజంతా డాక్టరు గురించే ఆలోచించాను. కొత్త పెట్టె కొంటాడు. తప్పకుండా కొంటాడు. స్విచ్ వేసి ఊపిరి బిగబడతాడు. నా నాలుగు స్వరాలూ కడిగిన ముత్యాల్లా వస్తాయి. బొమ్మ వస్తుంది. ఆయన ఇంకా ఊపిరి బిగబట్టే ఉంటాడు.

మార్చి 24, సోమవారం

ఆఫీసుకు వెళ్లాను. పొడవాటి టేబుల్, అందరి ముందూ లాప్‌టాప్‌లు. చెల్లి నా పక్కన కూర్చుంది, ఎవరేమన్నా నా చేతి మీద వేలితో తట్టి మళ్లీ చెప్పడానికి.

టక్కు పెట్టాలన్నాను. ఒక ఇంజినీరు, చాలా మర్యాదగానే, అది డిఫెక్ట్ కదండీ, కష్టపడి తీసేసినదాన్ని కష్టపడి పెట్టమంటారా అన్నాడు. ఇంకొకావిడ, కస్టమర్లు పాడైందని వాపసు పంపిస్తారంది. డిఫెక్టే అన్నాను. నాకు దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కంపరం అన్నాను. కానీ జనం ఇళ్లలో మోగింది అదే, నా టేపు కాదు, మీరు మళ్లీ ఇస్తామంటున్నది వాళ్లు విన్నదాన్ని కదా అన్నాను. డాక్టరు గారి సంగతి చెప్పాను. లాప్‌టాప్‌ల మీద చేతులు ఆగాయి.

అప్పుడు పిలకబాబు అడిగాడు. టేపు నుంచి తీసుకోమన్నది మీరే కదా మేడమ్, మొన్న ఇంట్లో వేసినప్పుడు కూడా ఏమీ అనలేదు అన్నాడు.

నాకు వినబడదు అన్నాను. మొన్న ఏమీ వినబడలేదు, ఒక్క స్వరం కూడా వినబడలేదు, తెలియనివ్వకూడదని పెట్టెలు ఉంచుకున్నాను, తేడా నా చేతికి దొరికింది అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. బయట నడవాలో వెళ్లేవాళ్లు ఆగి అద్దంలోంచి చూశారు.

ఎవరూ మాట్లాడలేదు. లేక మాట్లాడారో. చెల్లి వేలు నా చేతి మీద కదలలేదు కాబట్టి మాట్లాడలేదనే అనుకుంటున్నాను. పిలకబాబు లేచి వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు, నేను తన పెదాలు చూడగలిగేంత దగ్గరగా. టక్కు పెడతాం మేడమ్ అన్నాడు. మరి ఊఁ ఎవరంటారు అన్నాడు.

చెల్లిని చూపించాను. ఆవిడ నోరు వెళ్లబెట్టింది.

మార్చి 25

దారి పొడవునా తిట్టింది. ఈ రోజు కూడా తిడుతోంది. నీ చెవులు పోతే నా మెడకు తగిలిస్తావా, రేపు తేడా వస్తే లోకమంతా నన్నంటుంది అంది. నువ్వు తిట్టుకుంటూ విన్నావు కాబట్టే నువ్వు కావాలి అన్నాను. ఇష్టపడి విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. గోడ అవతల పని చేసుకుంటూ, చికాకుపడుతూ, రోజూ విన్నది ఆవిడ.

విసురుగా లేచి లోపలికి వెళ్లింది. తర్వాత వచ్చి, ఆ రోజుల్లో నిజంగా నీ గోల భరించలేక ఏడ్చాను తెలుసా అంది. పెళ్లయి వెళ్లాక మాత్రం ఆ శబ్దం లేక నిద్రపట్టలేదంది. ఇది నాకిప్పటిదాకా చెప్పలేదు.

ఏప్రిల్ 2

చెవి మెషిన్ వచ్చింది. చెల్లి మాటలు బాగా తెలుస్తున్నాయి. పాత పెట్టె వేసి చూశాను. రేకు డబ్బాలో మేకులు పోసినట్టుంది. చెవి మెషిన్ తీసి డ్రాయర్‌లో పెట్టాను. మాటలకు పెట్టుకుంటాను. పెట్టెకు వద్దు.

ఏప్రిల్ 9

పిలకబాబు కొత్త పెట్టె పంపాడు. చెల్లి విని, టక్కు మరీ ముందుకొచ్చింది, తలుపు కొట్టినట్టుంది అంది. వెనక్కి పంపాం. నాకు చెయ్యి ఆనించి చూడాలని కూడా అనిపించలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

పిలకబాబే తెచ్చాడు. చెల్లి పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మడతపెట్టడానికి దుప్పటి పట్టుకెళ్లింది. నేను టీవీ మీద చెయ్యి వేయలేదు. సోఫాలో కూర్చుని పిలకబాబు ముఖం చూస్తున్నాను. అతను స్విచ్ వేశాడు. తలుపు వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి నవ్వాడు.

ఊఁ అందట.