చిట్టికి ముందే వచ్చిన భాగహారం

వదినా,

మన చిట్టికి భాగహారం వచ్చేసిందని ఈరోజు బడిలో బయటపడింది. నేను గోడంత చార్టు మీద గీసిన జిల్లా పాఠ్యప్రణాళిక ప్రకారం అది నాలుగో తరగతికి గానీ రాకూడదు. చిట్టి ఇంకా మూడులోనే ఉందాయె.

"చార్టు తప్పయ్యే ప్రసక్తే లేదమ్మా. పిల్లలోనే ఏదో తేడా ఉంది," అన్నారు మా విద్యాశాఖ డైరెక్టరుగారు. సోమవారం తనిఖీలోగా భాగహారం మర్చిపోకపోతే చిట్టిని స్నేహితుల నుంచి విడదీసి వేరే బడికి పంపేస్తారట.

ఆయనతో వాదించాలో, నా చార్టునే అనుమానించాలో తేల్చుకోలేక చివరికి పిల్లనే బతిమాలాను.

"ఏడుపు మొహం పెట్టకత్తా! ఇంకా మూడు రోజులున్నాయి కదా. సమంగా మూడు భాగాలు చేసి, రోజుకో భాగం మర్చిపోతాలే," అంది.

నీకు పుణ్యముంటుంది వదినా, సోమవారం దానికి జ్వరం రప్పించు.

నీ ఆడపడుచు