పోపుగారి తలంపుల కోసం

ఆదివారం రాత్రి

ఈ రోజు నవ్వాపుకోలేక చచ్చాను. భూమిని కాపాడటం కూడా విశ్వాసమేనని పోపుగారు అంటున్నారట. అందుకని ఈసారి మరియమాత పండగ తేరుకు థర్మాకోల్, ప్లాస్టిక్ పూలు వద్దన్నారు ఫాదర్, పొద్దున పూజలో. ఏటా ఆ తేరు కట్టేది మా మామే. గుడి బయటే మొదలుపెట్టాడు.

"పోపుగారు మోక్షం సంగతి చెప్పాల. చెట్ల సంగతి ఫారెస్టోళ్ళు చూసుకుంటారు."

సగం మంది ఆయన వైపే. అత్త ఊరుకుంటుందా?

"గని సైనైడ్ దిబ్బ దుమ్ము లేస్తే ఉతికిన గుడ్డలే మళ్ళా ఉతికేది నేను. పోపుగారు సరిగ్గానే చెప్పినాడు."

సాయంత్రం ఇంట్లో జపమాల చదివించింది మామే. చివర్లో పోపుగారి తలంపుల కోసం చెప్పే పరలోక జపాన్ని కావాలనే ఎగ్గొట్టి లేవబోయాడు. అత్త మోకాళ్ళ మీంచి కదల్లేదు.

"అది చెప్పేదాకా నేను లెయ్యను. అన్నం యాడ దొరుకుతాదో చూసుకో."

మామ మళ్ళీ మోకరించి, బస్సు వెళ్ళిపోతున్నట్టు గబగబా చెప్పేశాడు.

నవ్వుతున్నాను గానీ, లోపల ఒకటే దిగులు. ఆయన అలిగి కూర్చుంటే తేరు ఎవరు కడతారు? ఆ పనితనం ఇంకెవరికుంది...

బంగారు గనివాళ్ళు కూలీలకు కట్టిన ఈ కోరమండల్ లైను ఇళ్ళ గోడలు మరీ పలచన. ఇది రాస్తుంటే పక్క గదిలోంచి మామ గొంతు వినిపించింది.

"ఇంగ తేరుకు కోలారులో మంచి చామంతులు యాడ దొరుకుతాయో!"

నిద్రమత్తులోనే అత్త అంది: "ఆమెన్."