పచ్చజొన్న ఇత్తులు ఎవరింట్ల ఉన్నయ్?

మర్రిగూడ

అల్లుడు విజేందర్‌కు మేనత్త బిక్షమ్మ దీవెనలు.

ఫోన్ల చెప్తే మీ మామ ఇంటడని ఉత్తరం రాస్తున్న. గీ వానకాలం మన చెలకల పచ్చజొన్న వెయ్యాలని నా ఆశ. దుకాణంల ఇత్తులడిగితే పత్తి పాకెట్లు చూపెట్టిండు. మృగశిర దాటితే మొత్తం పత్తే పెడ్తనంటున్నడు మీ మామ. కంప్యూటర్లల్ల ఏది ఎక్కడున్నదో ఎతికే చదువు గదా నీది. ఎవరింట్ల ఉన్నయో జర ఎతుకు.

ఇట్లు, నీ అత్త

తా.క.: మామకు చెప్పినవో, నీకు జొన్నరొట్టె లేదు.

---

హైదరాబాద్

అత్తమ్మకు విజేందర్ దండాలు.

మా దగ్గర అన్నీ తెలిసిన పెద్ద కంప్యూటర్ ఉండదత్తా. ఒకదానికి పాట కావాలంటే పక్కదాన్ని అడుగుతది. దాని దగ్గర లేకుంటే అది తన పక్కదాన్ని అడుగుతది. నువ్వూ గట్లనే పక్కింటోళ్లను అడుగు. వాళ్ల పక్కోళ్లను అడగమను.

నీ అల్లుడు

తా.క.: ఐదిండ్లు దాటినంక ఆపమను. లేకుంటే ఆ ప్రశ్న తిరుగుతనే ఉంటది.

---

మర్రిగూడ

బిడ్డా విజేందర్, మంచిగున్నవా?

ఆపమని ఎట్ల చెప్పాలె? ఇత్తులడిగినోళ్లను మనూర్ల లేదని పంపిస్తరా? అడిగి చెప్తమంటరు. పక్కింటి నర్సింగమ్మ గట్లనే అన్నది, ఆమె వియ్యపురాలూ గట్లనే అన్నదంట.

నిన్న ఎనకింటి కోమల ఏడ్సుకుంట వచ్చింది. ఎవరో ముసలామె మంచం పట్టిందంట, చెలకల పచ్చజొన్న పడంగ చూసి కన్ను మూస్తదంట. నా పని పక్కకు పెట్టి ఆమె కోసం ఊరంతా తిరిగిన.

నీ అత్త

తా.క.: ఇత్తులు దొరికితే ముందు ఆమెకే ఇస్త. పాపం, నేనైతే వచ్చే ఏడన్న ఉంట.

---

హైదరాబాద్

అత్తమ్మా, దండాలు.

ఆ ముసలామె నువ్వే. నీ ప్రశ్ననే నోరు నోరు మారి, మంచం పట్టి, మళ్ల నీ దగ్గరికే వచ్చింది. గిట్ల కాకుండనే మేం ప్రశ్న మీద అడిగినోళ్ల పేరు పెడ్తం. తన పేరే కనపడితే కంప్యూటర్ ఊకుంటది. ఇకనుంచి బిక్షమ్మ అడిగిందని చెప్పి పంపు.

విజేందర్

తా.క.: ఎందుకైనా మంచిది, పాణం బాగనే ఉంది గదా?

---

మర్రిగూడ

అల్లుడా, నీ కడుపు సల్లగుండ.

నీ ఉత్తరం అందకముందే మీ మామ హాలియాల చెల్లెలింటికి పోయిండు. ఆడ గూడ ఆ మర్రిగూడ ముసలామె ముచ్చటేనంట. చెల్లెలి అత్త పుట్టింటి నుంచి తెచ్చి, బూడిద కలిపి కుండల దాచిన పచ్చజొన్న ఇత్తులు తీసిందంట. మీ మామకు కండ్లల్ల నీళ్లు తిరిగి, నా చేతులతోనే చల్లి ఆమెకు చూపెడ్తనని అందరి ముందల మాటిచ్చిండంట.

ఈలోపల నీ మాట ప్రకారం అడిగింది నేనేనని నా పేరు ఊరంతా చెప్పించిన. మీ మామ ఇత్తుల మూట నెత్తిన పెట్టుకొని బస్సు దిగి, ముసలామె ఇల్లేదని అడిగితే అందరు మన ఇల్లే చూపెట్టిన్రు. కడపల నన్ను చూసి నెత్తి మీది మూట దించిండు.

"ఆ ముసలామెవు నువ్వేనా?" అన్నడు.

"నేనే. ఎప్పుడు చల్లుతవ్?" అన్న.

మొన్న వాన పడ్డది. మృగశిర దాటకముందే చెలకంతా పచ్చజొన్న చల్లిండు. నేను గట్టు మీద కూసోని చూసిన. గింత సంబురం నా పెండ్లిల గూడ కాలే.

నీ అత్త బిక్షమ్మ

తా.క.: పేరు పెట్టుడు మంచిదే బిడ్డా. గని హాలియాల నా పేరు ఇనపడితే, మీ మామ ఆ మూట ముట్టెటోడే కాదు.